ఇంగ్లిష్ పాలన మీద 1798లో జరిగిన తిరుగుబాటు యుద్ధం గురించి ఐర్లండ్ పల్లెల్లో ఇప్పటికీ చెప్పుకుంటారా?

చెప్పుకోవడమే కాదు, చేసి చూపిస్తారు కూడా.

ఐర్లండ్‌లోని లాంగ్‌ఫర్డ్‌లో మూడేళ్లు ఉన్నాను. అద్దె ఇల్లు దొరకడానికే నాలుగు నెలలు పట్టింది, ఆ గోల వేరే. పక్కింటి పెద్దాయనకు ఎనభై దగ్గర పడ్డాయి. ఒక ఆదివారం తన పాత కారులో నన్ను బాలినమక్ అనే పల్లెకు తీసుకెళ్లాడు. తిరుగుబాటుకు సాయం వచ్చిన ఫ్రెంచి సైన్యం 1798 సెప్టెంబరు 8న చేతులెత్తేసింది అక్కడే. ఫ్రెంచివాళ్లను ఖైదీలుగా పట్టుకుని మర్యాదగానే చూశారు. వాళ్లను నమ్మి వెంట నడిచిన ఐరిష్ వాళ్లను మాత్రం దొరికినవాణ్ణి దొరికినట్టు చంపేశారు.

ఇదంతా పెద్దాయన రెండు ముక్కల్లో తేల్చేశాడు. ఆయనకు కావలసింది ఐరిష్ వాళ్ల తరఫున ఫిరంగి పేల్చిన గన్నర్ మగీ కథ. గుండ్లు అయిపోతే మగీ వంటపాత్రలు పగలగొట్టి, ఆ ముక్కలే ఫిరంగిలో దట్టించి పేల్చాడట. బండి చక్రం విరిగితే, వరసకు తమ్ముళ్లయ్యేవాళ్లు ఇద్దరు వీపులు ఆనించి ఫిరంగిని నిలబెట్టారట. పేలిన అదురుకు ఇద్దరి వెన్నులూ విరిగిపోయాయట. ఇది చెబుతూ టోపీ తీసి నా చేతికిచ్చి, కంచె పక్కన బురదలో మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని వంగాడు. వంగినాయన లేవలేకపోయాడు! చంకలో చెయ్యి వేసి లేపాను. నాకు టెన్షన్, ఆయనకు నవ్వు.

పుస్తకాల్లో ఎంత ఉందో నాకనవసరం. ఫిరంగి ఎటు తిరిగి ఉందో చేత్తో చూపించే మనిషి అబద్ధం చెప్పడు.

1937 నుంచి రెండేళ్లు అక్కడి బడిపిల్లల చేత, ఇళ్లలో ముసలివాళ్లు చెప్పిన కథలు నోటుబుక్కుల్లో రాయించారు. మన బళ్లలో ప్రాజెక్టు వర్క్ అంటే నెట్‌లోంచి ప్రింటు తీసి చార్టు మీద అంటించడమే.

అసలు నేను చెప్పాలనుకున్నది ఇది. ఆ 1798 యుద్ధమప్పుడు ఐర్లండ్‌లో ఇంగ్లిష్ సేనలన్నిటికీ పైన ఉన్నది ఎవరనుకున్నారు? కారన్‌వాలిస్! స్కూల్లో 'శాశ్వత శిస్తు నిర్ణయం, 1793' అని బట్టీ పట్టామే, జమీందార్లు కట్టే శిస్తును ఎప్పటికీ మారకుండా ఖాయం చేసిన ఆ పద్ధతి తెచ్చినాయనే. మా శ్రీకాకుళం వైపు జమీందార్లకు ఆ పద్ధతి 1802 తర్వాత వచ్చింది.

తిరుగు దారిలో పెద్దాయనకు ఈ మాట చెబితే కారు నెమ్మది చేశాడు.

"మీ దగ్గర ఏం చేశాడు?"

జమీందార్లు, శిస్తు, రైతులు అని నాకొచ్చిన ఇంగ్లిష్‌లో పది నిమిషాలు వివరించాను.

"ఓహో, అద్దెలా!" అని మళ్లీ గేరు మార్చాడు.