నెలకు రెండు శనివారాలు నాకోసం కావాలనుకోవడం తప్పా?

ప్రశ్న: మేం తొమ్మిదేళ్లుగా ఆక్లాండ్‌లో ఉంటున్నాం. నాకు 41 ఏళ్లు. బాబుకు 13, పాపకు 9. నెలకు ఒకటి రెండు శనివారాలు తెల్లవారగానే పీహా దగ్గర ఉన్న కిటెకిటె జలపాతానికి ఒక్కదాన్నే అడవిలో నడిచి వెళ్లి, కాసేపు ఈది, మధ్యాహ్నానికి ఇల్లు చేరుతున్నాను. చిన్నప్పుడు మా ఊరి దిగుడు బావిలో తాతయ్య నా వీపుకు సొరకాయ బుర్రలు కట్టి ఈత నేర్పారు. పెళ్లయ్యాక ఆ సరదా పోయింది. మొదటిసారి చెప్పే వెళ్లాను. మావారు "ఒక్కదానివే అడవిలోకా? పిల్లల గురించి ఆలోచించావా?" అని కోప్పడ్డారు. అప్పటి నుంచి కూరగాయలకనో, స్నేహితురాలి ఇంటికనో చెప్పి వెళ్తున్నాను. పోయిన నెల కారులో తడి తువ్వాలు ఆయన కంటపడింది. ఎన్నిసార్లు వెళ్లావని అడిగితే రెండుసార్లన్నాను. నిజానికి ఆరుసార్లు. ఊరి నుంచి వచ్చిన మా అత్తగారు "సంసారం ఉన్న ఆడపిల్లకు ఒంటరితనం ఎందుకమ్మా, మేమేం తక్కువ చేశాం?" అని కళ్లనీళ్లు పెట్టుకున్నారు. నీళ్లలో ఉన్నంతసేపు నేను ఎవరికీ ఏమీ కాను. ఆ హాయి కావాలనుకోవడం తప్పా?

జవాబు: తప్పు కాదు. వారంలో ఆరు రోజులు ఉద్యోగం, వంట, పిల్లల చదువు, అత్తగారి మందులు చూసుకునే మనిషి ఒక పూట ఎవరి పిలుపూ వినబడని చోట ఉండాలనుకుంటే అందులో దాచుకోవలసినది ఏమీ లేదు. కానీ మీరు దాచారు. అందుకే మీ ఉత్తరంలో నన్ను కలవరపెట్టింది అడవి కాదు, ఆ కూరగాయల అబద్ధం.

ఒక్కసారి ఊహించండి. మీరు తడి రాతి మీద జారి చీలమండ విరగ్గొట్టుకుని కదలలేక కూర్చున్నారు. ఫోనులో సిగ్నల్ లేదు. మధ్యాహ్నం దాటినా మీరు రాలేదని మీవారు వెతకడం మొదలుపెడితే ఎక్కడికి వెళ్తారు? కూరగాయల దుకాణానికి, ఆ తర్వాత మీ స్నేహితురాలి ఇంటికి. మీరు మాత్రం నగరానికి నలభై కిలోమీటర్ల దూరంలో, వైటాకెరె కొండల్లో ఉంటారు. న్యూజీలాండ్‌లో అడవికి వెళ్లేవాళ్లకు చెప్పే ముఖ్యమైన జాగ్రత్తల్లో ఒకటి, ఎక్కడికి వెళ్తున్నారో, ఎప్పటికి తిరిగి వస్తారో నమ్మకమైన ఒకరికి చెప్పి వెళ్లడం. ఒంటరిగా వెళ్లేవాళ్లకు దాన్ని మించిన రక్షణ లేదు. మీ అబద్ధం మీవారి మనసును నొప్పించడమే కాదు, ఆ రక్షణను కూడా మీకు లేకుండా చేసింది.

ఇప్పుడు మీవారి మాట. ఆయన కోపంలో రెండు విషయాలు కలిసిపోయి ఉన్నాయనిపిస్తోంది. ఒకటి, మీకేమైనా అవుతుందన్న భయం. రెండోది, మమ్మల్ని వదిలి ఒంటరిగా ఎందుకు ఉండాలనుకుంటున్నావన్న బాధ. మీరు రెండింటికీ ఒకే జవాబు ఇవ్వబోయి దెబ్బతింటున్నారు. భయం గురించి మాట్లాడాల్సిన చోట మీ స్వేచ్ఛ గురించి చెబితే ఆయనకు నిర్లక్ష్యంగా వినిపిస్తుంది.

ఆ భయాన్ని తీసిపారేయకండి. 2024 ఏప్రిల్‌లో స్కాట్లాండ్‌లోని లిన్ ఆఫ్ టమ్మెల్ జలపాతం దగ్గర ఇద్దరు తెలుగు విద్యార్థులు నీటిలో మునిగి చనిపోయారు. అదే ఏడాది జూలైలో ఆస్ట్రేలియాలోని మిల్లా మిల్లా జలపాతంలో మరో ఇద్దరు తెలుగు యువకులు పోయారు. విదేశాల్లో ఉన్న తెలుగు ఇళ్లలో ఆ వార్తలు చదవనివాళ్లు అరుదు. జలపాతం అన్న మాట వినగానే మీవారి కళ్ల ముందు ఏం మెదిలిందో మీరు అడిగారా?

కాబట్టి ఆయనతో కూర్చుని వివరాలు మాట్లాడండి. పాములున్నాయన్నది మీ అత్తగారి భయమైతే, న్యూజీలాండ్ నేల మీద పాములే లేవని చెప్పండి. పులులు, ఎలుగుబంట్లు అసలే లేవు. మీ దారి గుర్తులు పెట్టి, బాగు చేసి ఉంచిన దారి. రానూ పోనూ సుమారు గంటన్నర నడక. దానిమీదే ఉంటానని మాటివ్వండి. అక్కడి ప్రమాదమంతా వానలో, జారుడు రాళ్లలో, నీటిలో ఉంది. 2023లో గాబ్రియేల్ తుపానుకు పీహా చుట్టుపక్కల కొండచరియలు ఎలా విరిగిపడ్డాయో మీ ఇంట్లో అందరికీ గుర్తుండే ఉంటుంది. పెద్ద వాన పడ్డాక కొన్ని రోజులు ఆ వైపు వెళ్లకండి. అక్కడ చలికాలమైన జూన్, జూలైల్లో సాయంత్రం సుమారు అయిదుంపావుకే పొద్దు గుంకుతుంది కాబట్టి ఆ నెలల్లో మధ్యాహ్నం దాటాక బయలుదేరవద్దు.

ఈత దగ్గర మాత్రం నేను మీవారి పక్షమే. నడక ఒంటరిగా సాగించండి, ఈత మాత్రం మరో మనిషి చూపుమేరలో ఉన్నప్పుడే. మీరు తెల్లవారగానే వెళ్లేది అక్కడ ఎవరూ ఉండరనే అని నాకు తెలుసు. ఈ మాట మీకు రుచించదు. కానీ తాతయ్య మిమ్మల్ని బావిలో దింపినప్పుడు గట్టు మీద తాను నిలబడే ఉన్నారు కదా. పైగా అది నిలకడ నీరు. మన ఊళ్లలో చలికాలం తెల్లవారుజామున కూడా బావి నీళ్లు గోరువెచ్చగా ఉంటాయి. కొండ వాగు నీరు అలా కాదు. ఒక్కసారిగా దూకితే చలికి మనిషి తనకు తెలియకుండానే ఊపిరి ఎగబీలుస్తాడు. ఆ క్షణంలో తల నీటిలో ఉంటే ఎంతటి ఈతగాడైనా నీళ్లు మింగుతాడు. అందుకే మెల్లగా, కాళ్లతో మొదలుపెట్టి దిగాలి. ధార పడే చోటికి, తెల్లగా నురగ కక్కే నీటిలోకి పోవద్దు. అందులో గాలి కలిసి ఉండటం వల్ల మనిషిని తేల్చే బలం దానికి తక్కువ, పైనుంచి రాళ్లూ పడవచ్చు. పై అంచున ఉన్న మడుగుల్లోకి అసలు దిగవద్దు. కిటెకిటె నలభై మీటర్ల ఎత్తు. శనివారం కాస్త పొద్దెక్కితే ఆ మడుగు దగ్గరకు ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు. రానిరోజు నీళ్లలో కాళ్లు పెట్టుకుని కూర్చుని వెనక్కి వచ్చేయండి.

ఇవన్నీ ఒక కాగితం మీద రాసి శుక్రవారం రాత్రి ఫ్రిజ్‌కు అంటించండి: ఏ దారి, ఎన్నింటికి బయలుదేరతారు, ఎన్నింటికి కారు దగ్గరకు చేరతారు, ఏ గంట దాటితే అత్యవసర నంబరు 111కు ఫోను చేయాలి. సిగ్నల్ అందని చోట కూడా పనిచేసే అత్యవసర పరికరాలు ఆ దేశంలో అద్దెకు దొరుకుతాయి. ఒకటి తీసుకుని, దాన్ని ఎలా వాడాలో మీ బాబుకు కూడా చూపించండి.

ఒకసారి మీవారిని ఆ దారిలో తీసుకెళ్లండి. కాపలాకు కాదు, చూడటానికి. మన పోక చెట్టును తలపించే నికావు చెట్లను, మనిషికంటే ఎత్తు పెరిగిన ఫెర్న్‌లను చూపించండి. దారి మొదట్లో చెప్పులు బ్రష్‌తో రుద్ది, మందు చల్లే చోట ఆగి ఎందుకో చెప్పండి. అక్కడి కౌరి చెట్ల వేళ్లను చంపే తెగులు మట్టితో పాకుతుంది, దానికి మందు లేదు. అందుకే 2017 డిసెంబరులో అక్కడి ఆదివాసులైన మావోరీల తెగ తె కవెరౌ ఆ మాకి, మనుషులు అడుగుపెట్టవద్దంటూ ఆ అడవికి రాహుయి అనే సంప్రదాయ నిషేధం విధించింది. మరుసటి ఏడాది నగర పాలక సంస్థ కూడా దారులు మూసింది. కొన్నేళ్లకు దారులను బాగుచేసి ఒక్కొక్కటిగా తెరిచారు. మీ అత్తగారికి ఈ సంగతి చెప్పి చూడండి. అడవిని కొన్నాళ్లు దాని మానాన వదిలినవాళ్లు దాన్ని ద్వేషించి వదల్లేదు. సొంత ఊరిని, తోటి ఆడవాళ్లను వదిలి కొత్త దేశంలో నాలుగు గోడల మధ్య ఉంటున్న ఆవిడకు మీరు ఇంట్లో లేని పూట నిజంగానే పెద్దది. ఆ శనివారం ఆవిడతో ఎవరుంటారన్నది కూడా ముందే తేల్చుకోండి. మీవారికి కూడా తనకంటూ ఒక పూట కావాలేమో అడగండి. తొమ్మిదేళ్లలో ఆయనను ఆ మాట ఎవరూ అడిగి ఉండరు.

మీ ఉత్తరంలో ఒక వాక్యం దగ్గర చాలాసేపు ఆగిపోయాను. "నీళ్లలో ఉన్నంతసేపు నేను ఎవరికీ ఏమీ కాను" అన్నారు. బయటికి వచ్చాక ఆకలివేసి, పిల్లలను చూడాలనిపించి ఇంటికి వస్తున్నారా? అయితే నాకు దిగులు లేదు. అలా కాక తిరిగి రావాలనే అనిపించకపోయినా, నిద్ర, తిండి తగ్గినా, లేకుండా పోతే బాగుండునన్న ఆలోచన ఎప్పుడైనా వచ్చినా ఆలస్యం చేయకుండా మీ డాక్టరుకు చెప్పండి. 1737కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోను చేయవచ్చు, సందేశం పంపవచ్చు. అవతల శిక్షణ పొందిన సలహాదారు ఉంటారు. ఇది మామూలు హెచ్చరికగా చదివి పక్కన పెట్టకండి. మీకు మీరే నిజాయితీగా జవాబు చెప్పుకోండి.

ఇక ఆ ఆరు. కాగితం రాయడానికి ముందే, పిల్లలు పడుకున్నాక, అత్తగారు లేని గదిలో మీవారికి చెప్పండి. "రెండు కాదు, ఆరుసార్లు వెళ్లాను. మీరు కాదంటారని భయపడి అబద్ధం చెప్పాను" అంటే చాలు. ఆయనకు కోపం రావచ్చు, రెండు రోజులు మాట్లాడకపోవచ్చు. సంజాయిషీల కోసం తొందరపడకండి. ఆ వారం జలపాతానికి వెళ్లకండి. పై శుక్రవారం కాగితం రాసేటప్పుడు, మీరు తిరిగి వచ్చే వేళ పక్కన ఎవరి ఫోను నంబరు ఉండాలో ఆయననే అడగండి.