చైన్, కాటినరీ, కన్‌కాటినేట్: ఒకే గొలుసు నుంచి వచ్చిన మాటలేనా?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నది ఇలా: ఆంగ్లంలో గొలుసును ‘చైన్’ అంటారు, కంప్యూటర్ పాఠాల్లో కనిపించే ‘కన్‌కాటినేట్’, గణితంలో వచ్చే ‘కాటినరీ’ కూడా గొలుసు అనే అర్థమున్న లాటిన్ మాట నుంచే పుట్టాయని చదివారు, చెవికి ఏ పోలికా తోచని ఈ మాటలు ఒకే ఇంటివి ఎలా అవుతాయి, ఇలాంటివి ఇంకేమున్నాయి, వీటిని తెలుగులో ఏమనాలి?

మీరు చదివింది నిజమే. లాటిన్‌లో గొలుసును ‘కతేనా’ అనేవారు. మీరు చెప్పిన మూడు మాటలకూ అదే మూలం. నేను విజ్ఞాన శాస్త్ర పాఠాలను తెలుగు చేసే పనిలో ఉన్నాను కనుక ఈ సందేహం నాకూ ఎదురైంది, అది కాస్త ఇబ్బంది పెట్టిన తర్వాతే తీరింది. ఒకే వారంలో రెండు పాఠాలు నా బల్ల మీదికి వచ్చాయి. రసాయన శాస్త్ర పాఠంలో ‘కాటినేషన్’ అని ఉంది, దానికి పాఠ్యపుస్తకాల్లో స్థిరపడిన ‘శృంఖల సామర్థ్యం’ అన్న మాటనే వాడాను. వంతెనల గురించిన పాఠంలో ‘కాటినరీ’ వచ్చింది, దాన్ని అలాగే తెలుగు లిపిలోకి దించి ‘కాటినరీ వక్రం’ అని రాసి ఊరుకున్నాను. రెండింటినీ చదివిన ఒక విద్యార్థి, ఒకచోట ‘కాటిన’ అంటే శృంఖల అయినప్పుడు రెండోచోట ఏమీ కాకుండా ఎలా పోయిందని అడిగాడు. నా దగ్గర సమాధానం లేదు. నిఘంటువులు ముందు వేసుకుని కూర్చున్నది ఆ రోజే.

తెలుగువారికి ఈ విషయం అందడానికి దగ్గరి దారి మన ప్రకృతి–వికృతులే. శృంఖల ప్రకృతి, సంకెల వికృతి. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి వినండి. ‘శృం’ పోయి ‘సం’ అయింది, ‘ఖ’ ఒత్తు పోగొట్టుకుని ‘క’ అయింది, మధ్య అచ్చు కూడా మారింది. అయినా రెండూ ఒకటేనని చిన్న తరగతుల్లోనే నేర్చుకుని, ఆశ్చర్యపోవడం మానేశాం. ఆంగ్లంలో చైన్ సంకెల వంటిది, అంటే జనం నోళ్లలో అరిగి వచ్చిన రూపం. కాటినరీ, కన్‌కాటినేట్ శృంఖల వంటివి, పండితులు లాటిన్ పుస్తకాల నుంచి నేరుగా తెచ్చుకున్నవి.

ఆ అరుగుదల ఎలా జరిగిందో కాస్త దగ్గరగా చూద్దాం. కతేనాలో ఊనిక ‘తే’ మీద పడుతుంది, అందువల్ల ఆ దీర్ఘాచ్చు బతికింది గానీ దాని చుట్టూ ఉన్నవి కరిగిపోయాయి. పాత ఫ్రెంచిలో ‘అ’ ముందున్న ‘క’ క్రమంగా ‘చ’ అయింది. అచ్చుల మధ్య ఉన్న ‘త’ మొదట ‘ద’గా మెత్తబడి, తర్వాత పూర్తిగా మాయమైంది. ఆ మధ్య మెట్టు ఎలా ఉండేదో చూడాలంటే స్పానిష్ భాషను చూస్తే చాలు, అక్కడ గొలుసును నేటికీ ‘కదేనా’ అంటారు. ఇటాలియన్ మాత్రం ఏమీ పోగొట్టుకోలేదు, అక్కడ ఇప్పటికీ అది కతేనాయే. ఫ్రెంచిలో ‘క’, ‘త’ రెండూ తమ రూపం కోల్పోయిన తర్వాత మిగిలిన మాటను ఆంగ్లం సుమారు 1300 నాటికి తీసుకుంది. అంతకు ముందు ఆంగ్లానికి ‘రాకెంటె’ అని గొలుసుకు సొంత మాట ఉండేది, చైన్ వచ్చాక అది నిలవలేదు. మనకు సంకెల వచ్చినా గొలుసు పోలేదు, శృంఖల చేరినా సంకెల పోలేదు, మూడూ మూడు పనుల్లో కుదురుకున్నాయి. ఆంగ్లం తన సొంత మాటను నిలుపుకోలేకపోయిందని తెలిసినప్పుడు నాకు నిజంగా బాధ కలిగింది.

ఈ మార్పులు కతేనా ఒక్కదానికే జరిగి ఉంటే వాటిని యాదృచ్ఛికం అనుకోవచ్చు. కానీ లాటిన్‌లో గదికి వాడిన ‘కామెరా’ ఇదే దారిలో ఫ్రెంచి మీదుగా వచ్చి ఆంగ్లంలో ఛాంబర్ అయింది. అదే మాటను తర్వాతి కాలంలో నేరుగా తెచ్చుకుంటే కెమెరా అయింది. ఛాంబర్‌కూ కెమెరాకూ ఉన్న బంధుత్వమే చైన్‌కూ కాటినరీకీ ఉంది. మధ్యలో ‘త’ పోవడానికి సాక్ష్యం కావాలంటే రౌండ్ అన్న మాట ఉంది. అది లాటిన్ ‘రొతుందుస్’ నుంచి వచ్చింది, గుండ్రని గోపురపు కట్టడానికి వాడే రోటండాలో ఆ పోయిన హల్లు ఇంకా వినిపిస్తుంది.

ఇక కన్‌కాటినేట్. ‘కన్’ అంటే కలిపి, మిగిలింది గొలుసు, కనుక గొలుసుగా కూర్చడం అని అర్థం. కంప్యూటర్లు రాకముందే, ఒకదానికొకటి ముడిపడి వచ్చిన సంఘటనల వరుసను చెప్పడానికి దీన్ని వాడేవారు. కంప్యూటర్ భాషల్లో ‘నీటి’, ‘చుక్క’ అనే రెండు అక్షర వరుసలను చివరికి చివర చేర్చి ‘నీటిచుక్క’ చేస్తే దానిని కన్‌కాటినేషన్ అంటారు. ఎక్సెల్‌లో ఈ పేరుతోనే ఒక ఫంక్షన్ ఉంది. యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టంలో 1971 నాటి మొదటి కూర్పు నుంచీ ఉన్న ‘క్యాట్’ ఆదేశం కూడా ఇదే మాటకు కుదింపు, దానికి పిల్లితో సంబంధం లేదు. నేటికీ చాలామంది ఒక ఫైలును తెరపై చూడడానికే దాన్ని వాడుతుంటారు కనుక, అసలు అది ఫైళ్లను గొలుసు కట్టడానికి పుట్టిందన్న సంగతి మరుగున పడిపోతోంది.

ఈ కుటుంబంలో నాకు అన్నింటికన్నా ఇష్టమైనది కాటినరీ, ఎందుకంటే ఇందులో మాటను చేతితో పట్టుకుని చూడవచ్చు. గొలుసును రెండు చివర్ల పట్టుకుని వదిలేస్తే అది ఏ ఆకారంలో వేలాడుతుందన్నది పాత ప్రశ్న. గెలీలియో 1638లో ప్రచురించిన గ్రంథంలో ఆ ఆకారం పరావలయానికి, అంటే ఏటవాలుగా విసిరిన బంతి గీసే దారి వంటి వంపుకు (పారాబొలా), దగ్గరగా ఉంటుందని రాశాడు. యాకోబ్ బెర్నూలీ 1690లో దీన్ని పండితులకు సవాలుగా విసిరాడు. మరుసటి ఏడాది, అంటే 1691లో, లైబ్నిట్జ్, హైగెన్స్, యోహాన్ బెర్నూలీ ముగ్గురూ సరైన సమాధానాలు ప్రచురించారు. దానికి ‘కాతెనారియా’ అన్న లాటిన్ పేరును హైగెన్స్ 1690లో లైబ్నిట్జ్‌కు రాసిన ఉత్తరంలో వాడాడు. థామస్ జెఫర్సన్ 1788లో థామస్ పెయిన్‌కు వంతెన కమాను గురించి రాసిన ఉత్తరంలో ఆంగ్ల రూపమైన కాటినరీ కనిపిస్తుంది.

విద్యార్థికి సమాధానం చెప్పే ముందు నేనే ఒకసారి చూసుకోవాలని, గోడ మీద గ్రాఫు కాగితాలు అతికించి, 40 సెంటీమీటర్ల ఎడంలో ఒకే ఎత్తున రెండు మేకులు కొట్టి, సుమారు 72 సెంటీమీటర్ల సన్నని గొలుసును వేలాడదీశాను. అది మేకుల మట్టం నుంచి 27 సెంటీమీటర్లకు పైగా కిందికి దిగింది. అడుగు బిందువు గుండా, రెండు మేకుల గుండా పోయే పరావలయాన్ని లెక్కగట్టి పెన్సిలుతో గీశాను. మూడు చోట్లా రెండూ కలుస్తాయి, మధ్యలో మాత్రం విడిపోతాయి. అడుగు బిందువు నుంచి పక్కకు 10 సెంటీమీటర్లు జరిగిన చోట పెన్సిలు గీత దాదాపు 7 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే, గొలుసు ఐదున్నర దగ్గరే ఉంది. ఆ ఒకటిన్నర సెంటీమీటర్ల సందును వేలితో తడిమి చూశాను. గొలుసును బిగించి లాగి, దిగుడు తగ్గించినప్పుడు ఆ సందు కంటికి ఆనకుండా పోయింది, గెలీలియో దగ్గరగా ఉంటుందని ఎందుకన్నాడో అప్పుడు అర్థమైంది. పరావలయం కాకుండా వేరే పేరు దీనికి ఎందుకు కావలసి వచ్చిందో ఆ సందే చెబుతుంది, ఆ పేరు గొలుసు పేరే కావడం ఎంత సహజమో కూడా చెబుతుంది.

అదే ఆకారాన్ని తలకిందులు చేస్తే కమాను అవుతుంది. వేలాడే గొలుసులో ప్రతి లంకె లాగుడునే భరిస్తుంది. తిరగవేస్తే ప్రతి రాయీ నొక్కుడునే భరిస్తుంది. ఈ సూత్రాన్ని రాబర్ట్ హుక్ 1675లో అక్షరాలు తారుమారు చేసిన పొడుపుగా ప్రచురించాడు. స్పెయిన్ వాస్తుశిల్పి గౌడీ బార్సిలోనా దగ్గర ఒక చర్చి రూపకల్పన కోసం తాళ్లకు చిన్న చిన్న బరువు సంచులు కట్టి తలకిందులుగా నమూనా వేలాడదీసింది కూడా ఈ సూత్రంతోనే. అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో 1965లో పూర్తయిన 192 మీటర్ల కమానును చాలామంది కాటినరీ అంటారు గానీ, దాని మందం కింద ఎక్కువ, పైన తక్కువ కాబట్టి, అది ఒకే మందమున్న గొలుసు ఆకారానికి కొంచెం భిన్నంగా, బరువులు మారే గొలుసు ఆకారంలో ఉంటుంది. విద్యుత్ రైలు మార్గాల పైన కనిపించే తీగల అమరికకూ కాటినరీ అనే పేరుంది. అక్కడ పైన వంపు తిరిగి వేలాడే తీగకే ఆ పేరు న్యాయంగా చెందుతుంది. ఇంజను తాకే కింది తీగను, పై తీగ నుంచి వేర్వేరు పొడవుల్లో దిగిన చిన్న తీగలతో సమతలంగా నిలబెడతారు.

రసాయన శాస్త్రంలో ఈ కుటుంబానివి రెండు మాటలున్నాయి, వాటిని కలిపేయకూడదు. కాటినేషన్ అంటే ఒకే మూలకపు పరమాణువులు ఒకదానితో ఒకటి బంధాలు ఏర్పరచుకుంటూ పోవడం. కార్బన్ ఇందులో అందరికన్నా ముందుంటుంది, ఎనిమిది పరమాణువులు వలయంగా కూడే గంధకమూ దీనికి ఉదాహరణే. కాటినేన్ వేరు. రెండు వలయాణువులు, వాటి మధ్య రసాయన బంధమే లేకుండా, అచ్చంగా గొలుసులో లంకెల్లా ఒకదాంట్లో ఒకటి చిక్కుకుని ఉంటే దాన్ని కాటినేన్ అంటారు. ఎడెల్ వాసర్మన్ 1960లో ఇలాంటి అణువును తయారుచేసినట్టు ప్రకటించాడు. ఫ్రాన్సుకు చెందిన జాన్-పియేర్ సోవాజ్ 1983లో రాగి అయాను చుట్టూ భాగాలను పేర్చి, వలయాలను మూసి, తర్వాత రాగిని తీసేసే పద్ధతితో దీన్ని సులభం చేశాడు. 2016 రసాయన శాస్త్ర నోబెల్ బహుమతిని పంచుకున్న ముగ్గురిలో ఆయన ఒకడు. నా దృష్టిలో ‘గొలుసు’ అన్న అర్థానికి పూర్తిగా న్యాయం చేసిన శాస్త్ర పదం ఇదే.

మిగిలినవి త్వరగా చెబుతాను. కతేనా అన్న రూపమే ఏ మార్పూ లేకుండా ఆంగ్లంలో కొన్ని చోట్ల నిలిచింది. బైబిలు వచనాలకు పూర్వ పండితుల వ్యాఖ్యలను వరుసగా గుదిగుచ్చిన సంకలనాన్ని అలా అంటారు, 13వ శతాబ్దంలో థామస్ అక్వినాస్ నాలుగు సువార్తలకు కూర్చిన దానికి ‘బంగారు గొలుసు’ అని పేరు. కొండ వాలు మీది నుంచి కిందిదాకా క్రమంగా మారే నేలల వరుసకు జెఫ్రీ మిల్న్ 1930లలో ఇదే పేరు పెట్టాడు. గ్రహాల మీదా ఉపగ్రహాల మీదా వరుసగా ఏర్పడిన గుంతల బారుకూ ఇదే పేరు, బృహస్పతి ఉపగ్రహం గానిమీడ్ మీద ఉన్న ఎన్కి కతేనాలో అలాంటి గుంతలు 13 ఉన్నాయి. ఫుట్‌బాల్ చూసేవారికి పరిచయమైన ‘కాతెనాచ్చో’ అనే రక్షణాత్మక ఆటతీరు పేరుకు ఇటాలియన్‌లో తలుపు గడియ అని అర్థం, అదీ కతేనా బిడ్డే. చైన్ అన్న మాట కూడా ఒకచోట కొలతగా మారింది: ఎడ్మండ్ గంటర్ 17వ శతాబ్దం తొలి భాగంలో భూమి కొలతకు 100 లంకెల గొలుసును స్థిరపరిచాడు, దాని పొడవు 66 అడుగులు, అంటే 22 గజాలు. క్రికెట్ పిచ్‌లో రెండు వికెట్ల మధ్య దూరం సరిగ్గా అంతే.

ఒక మాట దగ్గర మాత్రం ఆగాలి. మెడ వెనుక వేసే జుట్టు ముడికి ఆంగ్లంలో ‘షీన్యాన్’ అన్న ఫ్రెంచి మాటను వాడతారు. పాత ఫ్రెంచిలో దానికి మెడ వెనుక భాగం అని అర్థం, గొలుసు లంకెకు వాడే మాటకు అది దగ్గరి చుట్టం. చేతిని మెడ వెనుక పెట్టి, తల కొంచెం వంచి తడిమితే వేళ్లకు వరుసగా తగిలే ఎముకలు గొలుసు లంకెల్లాగే ఉంటాయి. ఆ లంకెల పేరు మెడకు వచ్చింది, మెడ పేరు అక్కడ ముడిచే జుట్టుకు వచ్చింది. పైగా చైన్‌లో ‘చ’, షీన్యాన్‌లో ‘ష’ ఉండడానికీ కారణం ఉంది. ఫ్రెంచివారు ‘చ’ పలికే రోజుల్లోనే తీసుకున్నది చైన్; వారి ‘చ’ కాస్తా ‘ష’ అయిపోయిన తర్వాత, 18వ శతాబ్దంలో వచ్చింది షీన్యాన్. తల అనే అర్థమున్న ఒకే లాటిన్ మాట నుంచి వచ్చిన చీఫ్, షెఫ్‌ల మధ్య తేడా కూడా ఇదే.

ధ్వని పోలిక చూసి కేటగిరీని, కేటలాగ్‌ను, కేథడ్రల్‌ను ఈ ఇంట్లో చేర్చకండి. ఆ మూడూ గ్రీకు నుంచి వచ్చినవి. స్పానిష్ కదేనాను తలపించే కేడెన్స్ కూడా పడడం అనే అర్థమున్న వేరే లాటిన్ క్రియ నుంచి వచ్చింది.

తెలుగులో ఏమనాలన్నదానికి నా పద్ధతి చెబుతాను. కాటినేషన్‌కు శృంఖల సామర్థ్యం స్థిరపడింది కనుక దాన్ని కదపను. కాటినరీని మొదటిసారి వచ్చినచోట అలాగే రాసి, ఆపైన ‘గొలుసు వక్రం’ అంటాను. కన్‌కాటినేషన్‌కు ‘గొలుసుకట్టు’ అని రాస్తాను, ఎందుకంటే గొలుసుకట్టు రాత అన్న మాట తెలిసిన వారెవరికీ దాన్ని విడమరచి చెప్పనవసరం లేదు. ఆ రెండు పాఠాల్నీ ఈ మాటలతో సవరించి, గ్రాఫు కాగితం మీద నేను గీసిన రెండు గీతలను బొమ్మగా చేర్చి, ఆ విద్యార్థికి తిరిగి పంపించాను.