డ్రమ్స్ వదిలి మైకు పట్టుకోబోయే మేనల్లుడికి

చిరంజీవి కార్తీక్‌కు మావయ్య ఆశీస్సులు.

నిన్న మీ అమ్మ ఫోన్ చేసింది. మీ బ్యాండ్‌లో పాడే అబ్బాయి ఎమ్మెస్ చేయడానికి అమెరికా వెళ్లిపోతున్నాడట, ఇక మైకు నేనే పట్టుకుంటానని నువ్వు కూర్చున్నావట. "వాడికి పాటేంటన్నయ్యా, కాస్త నువ్వైనా చెప్పు" అంది. చెబుతానన్నాను గానీ, వద్దని చెబుతానని మాటివ్వలేదు. పెళ్లిళ్లలో, గణపతి పందిళ్లలో ఆర్కెస్ట్రాకి డ్రమ్స్ వాయించి బతికినవాణ్ణి నేను. మీ రాక్ అరుపులు నాకు పూర్తిగా ఎక్కవు. అయినా ముందు నిలబడి పాడేవాళ్ల వీపులు చూస్తూ బతుకంతా గడిపినవాణ్ణి కాబట్టి ఈ నాలుగు ముక్కలు రాసే హక్కు నాకుందనుకుంటున్నాను.

మీ అమ్మ బెంగంతా నీ గొంతు గురించే. దానికంత టెన్షన్ అక్కర్లేదు. నువ్వు గదిలో పోస్టర్ పెట్టుకున్న డేవ్ గ్రోల్‌నే చూడు. నిర్వాణ అనే అమెరికా రాక్ బ్యాండ్‌లో డ్రమ్స్ వాయించేవాడు. 1994 ఏప్రిల్‌లో అందులో పాడే కర్ట్ కొబేన్ చనిపోయాడు, బ్యాండ్ అక్కడితో ఆగిపోయింది. అదే ఏడాది అక్టోబర్‌లో గ్రోల్ సియాటెల్ దగ్గర రాబర్ట్ లాంగ్ స్టూడియోలో దూరి వారం తిరక్కుండా ఆల్బమంతా రికార్డ్ చేశాడు. డ్రమ్స్, బేస్, గిటార్, గొంతు అన్నీ తనవే. ఒక్క పాటలో మాత్రం గ్రెగ్ డల్లీ అనే ఇంకో బ్యాండ్ వాడు కాస్త గిటార్ వాయించాడు. గొంతు మీద నమ్మకం లేక పాడిన లైన్‌నే మళ్లీ పాడి, ఒకదాని మీద ఇంకోటి వేశాడు. ఇదంతా ఒక్కడి పని అని తెలియకూడదని, రెండో ప్రపంచ యుద్ధంలో పైలట్లు ఆకాశంలో కనబడ్డ వింత వెలుగులకు పెట్టుకున్న పేరు తీసుకుని 'ఫూ ఫైటర్స్' అన్నాడు. కాసెట్లు కాపీ చేయించి తెలిసినవాళ్లకు పంచాడు. ఆ నవంబర్‌లోనే రాక్ గాయకుడు టామ్ పెటీ బ్యాండ్‌తో ఒక టీవీ షోలో డ్రమ్స్ వాయిస్తే, వాళ్లు మాతోనే ఉండిపొమ్మన్నారు. పెద్ద పేరు, వెనకాల హాయిగా కూర్చునే చోటు. అయినా కాదన్నాడు. 1995 జులై 4న ఆ ఆల్బం బయటికొచ్చింది.

నువ్వూ ముందు గదిలో తలుపేసుకుని పాడు. ఫోన్‌లో రికార్డ్ చేసి మర్నాడు విను, అదే రోజు వినకు. గొంతు ఎలా ఉందన్నది వదిలేయ్. ప్రతి అక్షరం సరిగ్గా స్నేర్ డ్రమ్ దెబ్బ మీద పడుతోందా? పడుతూనే ఉంటుంది, డ్రమ్మర్లందరికీ ఉన్న జబ్బే అది. వినేవాడికి పాట బదులు లెక్క వినిపిస్తుంది. బాగా పాడేవాడు మాటను తాళానికి వెంట్రుకవాసి వెనక వదులుతాడు, వెనకున్నవాడు లయ పట్టుకుంటాడన్న ధీమాతో. మనకు ఆ ధీమా ఉండదు. ఎందుకంటే లయ పట్టుకోవాల్సింది మనమేనని ఇన్నాళ్లూ అనుకున్నాం.

ఇంకోటి ఊపిరి. రోల్, అదే గబగబా వరస దెబ్బలు, కొట్టేటప్పుడు మనం తెలియకుండానే ఊపిరి బిగబడతాం. పాడేటప్పుడూ, చరణం చివర ఫిల్, అదే ఖాళీ నింపే డ్రమ్స్ ముక్క, పడే చోటికి రాగానే ఛాతీ దానంతటదే బిగుసుకుంటుంది. తర్వాత పల్లవి మొదటి మాటకి గాలి చాలదు. పాట రాసుకున్న కాగితం మీద ఊపిరి తీసుకోవాల్సిన చోటల్లా పెన్సిల్‌తో గీత పెట్టు. ఆ గీత దగ్గర అవసరం లేకపోయినా సరే, తీయాల్సిందే.

గొంతు గొడవ ఇంతే. నేను రాయాలనుకున్నది నువ్వు దిగిపోయే ఆ డ్రమ్స్ స్టూలు గురించి.

1975లో ఇంగ్లండ్‌లో జెనెసిస్ అనే రాక్ బ్యాండ్ నుంచి అందులో పాడే పీటర్ గేబ్రియల్ తప్పుకున్నాడు. నక్క తలకాయ, పువ్వు ముసుగు తగిలించుకుని స్టేజీ మీద నాటకమాడే మనిషి. ఆయన స్థానంలోకి ఎంతోమందిని పిలిచి పాడించి చూశారు. వచ్చినవాళ్లకు ట్యూన్లు పాడి వినిపించింది డ్రమ్మర్ ఫిల్ కాలిన్స్. ఎవరూ కుదరక చివరికి 1976 నాటి 'ఎ ట్రిక్ ఆఫ్ ది టెయిల్' ఆల్బం ఆయనే పాడేశాడు. మరి టూర్‌లో డ్రమ్స్ ఎవరు? యెస్, కింగ్ క్రిమ్సన్ బ్యాండ్లలో వాయించిన బిల్ బ్రూఫర్డ్‌ని పెట్టుకున్నారు. మరుసటి ఏడాది నుంచి అమెరికా వాడు చెస్టర్ థాంప్సన్. ఇద్దరూ ఎవరికీ తీసిపోని ఉద్దండులు. ఇది గమనించు: కాలిన్స్ తన కంటే తక్కువవాణ్ణి వెతకలేదు. స్టూడియోలో డ్రమ్స్ తనవి, స్టేజీ మీద థాంప్సన్‌వి. హద్దు స్పష్టం. పాటలు లేని చోట ఇద్దరూ చెరో సెట్ మీద కూర్చుని జంటగా వాయించేవాళ్లు, జనం దాని కోసమే ఎదురుచూసేవాళ్లు. కొత్తలో మైకు ముందు ఖాళీ చేతులతో ఏం చేయాలో తెలియని సమస్య కాలిన్స్‌కీ ఉంది. టాంబొరిన్ పట్టుకుని దాంతో తలకీ, మోచేతికీ, మోకాలికీ కొట్టుకుంటూ గెంతేవాడు, అదే ఆయన ఐటమ్ అయిపోయింది. నువ్వు గిటార్ తగిలించుకుంటావో, ఏం చేస్తావో నీ ఇష్టం. తొడ మీద తాళం మాత్రం వేయకు. వెనకున్నవాడికి అది "నువ్వు తప్పుతున్నావు" అన్నట్టు కనిపిస్తుంది.

ఇప్పుడు మీ గ్రోల్ దగ్గరికి వద్దాం. 1996 చివర్లో ఫూ ఫైటర్స్ రెండో ఆల్బం రికార్డింగ్. డ్రమ్స్ మీద విలియం గోల్డ్‌స్మిత్. తీసినదంతా విన్నాక గ్రోల్‌కి నచ్చలేదు. లాస్ ఏంజెలెస్‌లో మళ్లీ మొదలుపెట్టి, గోల్డ్‌స్మిత్ వాయించినవాటిలో చాలావరకు తీసేసి తనే వాయించాడు. గోల్డ్‌స్మిత్ బ్యాండ్ వదిలి వెళ్లిపోయాడు. ఆ ఆల్బం 1997లో వచ్చింది, గొప్ప ఆల్బమే, నేనూ కాదనను. డ్రమ్స్ కూడా గ్రోల్ బాగానే వాయించాడు. కానీ ఆ కుర్రాడి స్థానంలో నన్ను ఊహించుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది. ఏదో పాట బాగోలేదంటే పడొచ్చు. నువ్వు వాయించింది తుడిచేసి, నీ కంటే బాగా వాయించగలడని ముందే లోకానికి తెలిసిన మనిషే నీ స్టూలు మీద కూర్చుంటే ఏం చేస్తావు?

తర్వాత వచ్చిన డ్రమ్మర్ టేలర్ హాకిన్స్‌తో కథ వేరు. అప్పటికి గాయని అలానిస్ మోరిసెట్ టూర్లలో వాయిస్తున్నాడు, తన పేరు తనకుంది. గ్రోల్ అతణ్ణి నీడలో ఉంచలేదు. కచేరీ మధ్యలో హాకిన్స్ ముందుకొచ్చి క్వీన్ బ్యాండ్ వాళ్ల పాట అందుకుంటే, గ్రోల్ వెనక్కెళ్లి డ్రమ్స్ మీద కూర్చునేవాడు. ఇరవై అయిదేళ్లు అలా సాగింది. 2022 మార్చిలో టూర్‌లో ఉండగా కొలంబియా రాజధాని బొగోటాలో హాకిన్స్ చనిపోయాడు. ఆ సెప్టెంబర్‌లో లండన్ వెంబ్లీ స్టేడియంలో పెట్టిన సంస్మరణ కచేరీలో హాకిన్స్ కొడుకు, పదహారేళ్ల షేన్, తండ్రి చోట కూర్చుని ఒక పాట వాయించాడు. ఆ వీడియో నువ్వే పంపావు నాకు, మీ అత్తయ్య కూడా చూసింది. 2023 ఆల్బంలో డ్రమ్స్ మళ్లీ గ్రోలే వాయించాడు. టూర్లకు జోష్ ఫ్రీజ్ అనే డ్రమ్మర్ వచ్చాడు, 2025లో అతణ్ణీ పంపేశారు, కారణం చెప్పలేదని అతనే అన్నాడు. ముందు నిలబడ్డ డ్రమ్మర్‌కి వెనక కుర్చీ కుదరడం అంత తేలికైన పని కాదు మరి.

అందుకని కొత్తవాణ్ణి తీసుకునే రోజే మాట తేల్చుకో. రికార్డింగ్‌లో నువ్వు వాయిస్తావా, వాడా? పాత పాటల్లో నీ ఫిల్స్ వాడు మార్చుకోవచ్చా? మార్చుకోవచ్చనే చెప్పు, ఒకటి రెండు చోట్ల నీకు మనసొప్పకపోయినా. స్టేజీ మీద వాడు తప్పితే వెనక్కి తిరిగి చూడకు. మా ఆర్కెస్ట్రాల్లో పాడేవాడు ఒక్కసారి మెడ తిప్పి చూశాడంటే తర్వాతి మూడు పాటలు చేతులు కర్రల్లా అయిపోయేవి. జనానికి తెలియని తప్పు కూడా ఆ చూపుతో తెలిసిపోతుంది. ఏమన్నా ఉంటే కిందికి దిగాక, టీ తాగేటప్పుడు చెప్పు.

నువ్వు మాత్రం డ్రమ్స్ మానేయకు, రోజుకో గంటైనా కూర్చో. మెడ వంచి వాయించే అలవాటు ఇప్పుడే సర్దుకో. కాలిన్స్‌కి మెడలో వెన్నుపూస దెబ్బతిని, చేతుల్లో పట్టు పోయింది. 2022లో జెనెసిస్ చివరి కచేరీల్లో కుర్చీలో కూర్చుని పాడాడు, వెనక డ్రమ్స్ మీద కొడుకు నిక్. చెవులకు ప్లగ్స్ పెట్టుకో. నాకు కుడి చెవి సగమే వినిపిస్తుందని మీ అమ్మకు తెలియదు, చెప్పకు.

సంక్రాంతికి రా. కొత్త డ్రమ్మర్ దొరికితే వాణ్ణీ తీసుకురా, నా సెట్ ఇంకా పై గదిలోనే ఉంది. ముందు వాడు వాయిస్తే వింటాను, నువ్వు తర్వాత పాడుదువు గానీ.

మీ మావయ్య