మా ఆయనకు పెద్దపేగు క్యాన్సర్ అని తేలింది. తిరుపతిలో ఉంటాం. భార్యగా నేనేం చేయాలి?

అమ్మా, బయాప్సీ (ముక్క తీసి చేసే పరీక్ష) రిపోర్టు చూసి స్టేజీ, అంటే జబ్బు ఎంతవరకు పాకిందో, చెప్పలేరు. దానికి సీటీ స్కాన్ కావాలి, సీఈఏ అనే రక్తపరీక్ష కూడా చేస్తారు. ఆపరేషన్ చేస్తే, తీసిన పేగు ముక్కనూ లింఫు గ్రంథులనూ పరీక్షించాకే సంగతి పూర్తిగా తెలుస్తుంది. ఈ ఎదురుచూసే రోజులే చాలా కష్టం. ఆయన భయమేస్తోందంటే "ఏం కాదులే" అని మాట తుంచేయకండి, పక్కన కూర్చుని వినండి.

వైద్యానికి ఊళ్లోనే స్విమ్స్ ఆసుపత్రి ఉంది, అలిపిరి దగ్గర టాటా ట్రస్టుల క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. చిత్తూరు వైపు వాళ్లు వేలూరు సీఎంసీకీ వెళ్తుంటారు. ప్రభుత్వ పథకం ఎన్టీఆర్ వైద్య సేవ వర్తిస్తుందేమో మొదటి రోజే అడగండి. డాక్టరు దగ్గరికి ఇద్దరూ వెళ్లండి, అడగాల్సినవి ముందే రాసుకోండి. ఆ టెన్షన్‌లో సగం మర్చిపోతాం.

కీమోలో ఆక్సాలిప్లాటిన్ అనే మందు ఇస్తే చల్లనిది తగిలినా, తాగినా వేళ్లూ గొంతూ జివ్వుమంటాయి. కొన్నాళ్లు ఫ్రిజ్ నీళ్లు, చల్లని మజ్జిగ వద్దు. ఒకటి మాత్రం గట్టిగా చెబుతున్నా: కీమో రోజుల్లో జ్వరం 100.4 డిగ్రీలకు చేరితే పారాసెటమాల్ వేసి తెల్లారేదాకా ఆగకండి. అర్ధరాత్రయినా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

పసరు మందులు, కఠిన పథ్యాలు చెప్పే చుట్టాల ఫోన్లు మీరే ఎత్తండి, ఆయనదాకా రానివ్వకండి.

ఆయన తోడబుట్టినవాళ్లు, మీ పిల్లలు కొలనోస్కోపీ (పెద్దపేగు లోపల కెమెరాతో చూసే పరీక్ష) ఎప్పుడు చేయించుకోవాలో కూడా అడగండి. సాధారణంగా 40 ఏళ్లకు, లేదా ఆయనకు జబ్బు బయటపడిన వయసుకు 10 ఏళ్ల ముందు, ఏది ముందైతే అప్పుడు మొదలుపెడతారు.