అనాథాశ్రమంలో పెరిగిన పెద్ద పిల్లలు విదేశీ దత్తత తల్లిదండ్రులకు ఎప్పటికి దగ్గరవుతారు?

ఎనిమిదేళ్లు దాటిన బిడ్డను వేరే దేశం నుంచి దత్తత తీసుకున్నవారు దగ్గరయ్యేందుకు పట్టే కాలాన్ని నెలల్లో కాక ఏళ్లలో లెక్కించుకోవడం మంచిది.

మొదటి వారాల్లో కనిపించే అతి వినయాన్ని మమకారంగా పొరబడకూడదు. ఆశ్రమంలో ఆయాలు షిఫ్టుల వారీగా మారిపోతుంటారు గనుక, ఎవరు ఎదురుపడితే వారిని మెప్పించడం బిడ్డ నేర్చుకున్న బతుకు నేర్పు. ముక్కూమొహం తెలియని వారి ఒడిలో చనువుగా కూర్చోవడం కూడా అందులో భాగమే. భయం కాస్త తగ్గాకనే అలకలు, అబద్ధాలు, దిండు కింద దాచిన రొట్టెముక్కలు బయటపడతాయి. ఆ రొట్టెముక్కను దొంగతనంగా భావించి మందలించే బదులు, ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసుకునేలా తినుబండారాల డబ్బా ఒకటి మంచం పక్కనే ఉంచితే, రేపు కూడా తిండి దొరుకుతుందన్న నమ్మకం కుదిరేకొద్దీ దాచుకోవడం తగ్గుతుంది.

తొలి నెలల్లో భోజనం పెట్టడం, గాయానికి మందు రాయడం, నిద్రపుచ్చడం తల్లిదండ్రులే చేయాలి. బంధువుల రాకపోకలు, విందులు తరువాత చూసుకోవచ్చు. ఆకలి, నొప్పి, భయం వంటి మాటలు బిడ్డ భాషలో ముందే నేర్చుకోవాలి. కౌగిలింతకు బలవంతం వద్దు. పక్కపక్కన కూర్చుని చేసే పనుల్లో, ముఖ్యంగా వంటలోనో బొమ్మలు వేయడంలోనో, పెద్ద పిల్లలు సులువుగా నోరు విప్పుతారు.

పేరు మార్చడం నా దృష్టిలో తొందరపాటు. ఆశ్రమంలోని నేస్తాల ఫొటోలు దాచిపెట్టడం అంతకన్నా పెద్ద పొరపాటు, ఎందుకంటే బిడ్డకు దత్తత అంటే కొత్త ఇల్లు మాత్రమే కాదు, పాతవారందరినీ ఒక్కసారిగా కోల్పోవడం కూడా. దేశాల మధ్య దత్తతలపై కుదిరిన 1993 నాటి హేగ్ ఒప్పందం, వయసును, పరిణతిని బట్టి బిడ్డ అభిప్రాయాన్ని పరిగణించాలని కోరడం ఇందుకు తగినట్టే ఉంది.