ఇంప్లాంట్ సర్జరీకి ముందూ తర్వాతా

ప్రశ్న: నెలన్నరలో బ్రెస్ట్ ఇంప్లాంట్ సర్జరీ ఉంది. ముందు ఏం మానాలి? ఎన్నాళ్లకు కోలుకుంటాను? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: టెన్షన్ సహజమే. సిగరెట్ అలవాటుంటే ఈ రోజే మానేయండి, నికోటిన్ రక్తనాళాలను కుదించేస్తుంది కాబట్టి గాయం త్వరగా మానదు. మీరు వాడే ప్రతి మాత్రా, మూలికల మందులతో సహా, సర్జన్‌కు చెప్పండి. ఆస్పిరిన్ లాంటివి రక్తస్రావాన్ని పెంచుతాయి, అయినా ఏదీ మీ అంతట మీరు ఆపేయొద్దు.

ముందు గుండీలుండే వదులు చొక్కాలు నాలుగు తీసి పెట్టుకోండి. మొదటి రోజుల్లో తల మీదుగా బట్టలు వేసుకోవడం, పై అరలో గ్లాసు అందుకోవడం కూడా కష్టమే, రోజూ వాడేవన్నీ నడుము ఎత్తులోకి దించేయండి. తల కాస్త ఎత్తులో పెట్టుకుని వెల్లకిలా పడుకోవాలి. ఇంట్లోనే మెల్లగా నడుస్తుంటే కాళ్లలో రక్తం గడ్డకట్టే ముప్పు తగ్గుతుంది. ఆఫీసు పనికి చాలామంది వారం పది రోజుల్లో వెళ్తారు, బరువులెత్తడానికి మాత్రం నాలుగు నుంచి ఆరు వారాలు ఆగాల్సిందే.

వాపు రెండు వైపులా సమానంగా తగ్గకపోవచ్చు, దానికి భయపడకండి. కానీ ఒకవైపే ఉన్నట్టుండి ఉబ్బినా, జ్వరమొచ్చినా, ఎర్రబడి చీము కారినా అర్ధరాత్రయినా సర్జన్‌కు ఫోన్ చేయండి. ఊపిరి అందకపోతే నేరుగా ఎమర్జెన్సీకే వెళ్లండి.

ఇంకొకటి, ఇంప్లాంట్లు జీవితాంతం ఉండేవి కావు, మళ్లీ సర్జరీ అవసరం పడొచ్చని ఇప్పుడే తెలుసుకుని నిర్ణయించుకోండి.