గాలి దించే ముందు, అల్లుడూ

రాయగడ

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీర్వదించి రాయునది.

బండి ఫొటో అందింది. మీ అత్త ఫోను పట్టుకుని వీధిలో నాలుగిళ్ళు తిరిగి చూపించి వచ్చింది. సెకండ్ హ్యాండైనా థార్ థారే. నేను ముప్ఫై ఏళ్ళు కొండల్లో తోలినవన్నీ పరాయివాళ్ళ బండ్లు. నాలుగు చక్రాలూ లాగే సొంత బండి మన ఇళ్ళల్లో ఇదే మొదటిది. సంతోషం.

వచ్చే నెల విశాఖ నుంచి స్నేహితులతో బయల్దేరి, సాలూరు మీదుగా సుంకి ఘాటీ ఎక్కి దేవమాలి కొండ చూస్తామనీ, అటునుంచి మా ఇంటికొచ్చి, మర్నాడు గుణుపురం దగ్గర వంశధార ఇసకలో ఓ పూట బండి తిప్పుతామనీ రాశావు. "ఇసకలో టైర్లకి గాలి ఎంతకి దించాలి మామయ్యా?" అని ఒక్క ముక్క అడిగావు. దానికి జవాబు ఒక అంకె. ఫోన్లో చెప్పేస్తే అయిపోను. కానీ దించిన గాలి మళ్ళీ ఎక్కడ ఎక్కించాలి, దేంతో ఎక్కించాలి అని నువ్వు అడగలేదు. అందుకే ఉత్తరం రాస్తున్నాను.

మీ అమ్మ పెళ్ళయిన ఏడు సంగతి చెబుతాను. అప్పుడు ఒక కాంట్రాక్టరు దగ్గర జీపు తోలేవాణ్ణి. కాశీనగర్ దాటాక ఏటి ఇసకలో బండి దిగబడింది. పక్కనున్న పెద్దాయన ఒకడు గాలి తియ్యమన్నాడు. వాల్వు పిన్నుని అగ్గిపుల్లతో నొక్కి, బుస్సుమనే చప్పుడు వింటూ, చెవి లెక్కన నాలుగు టైర్లకీ తీశాను. బండి చక్కగా తేలి ఒడ్డెక్కేసింది. నా అంతవాడు లేడనుకున్నాను. పంపు లేదు, దగ్గర్లో షాపు లేదు, నెల మే, మిట్టమధ్యాహ్నం. గుణుపురంలో కొట్టిద్దాంలే అని తారు రోడ్డెక్కి రోజూ తోలే స్పీడులోనే తోలాను. కొంతదూరం పోయేసరికి రబ్బరు కమురు వాసన. దిగి చూద్దామనుకునేలోపే వెనక ఎడమ టైరు పక్కగోడ చింపిరి గుడ్డలా విడిపోయింది. లోపల ట్యూబు తునకలు తునకలు. సరే, స్టెప్నీ ఉంది కదా అని దించితే దాన్లోనూ గాలి లేదు! పొద్దువాలేదాకా చింతచెట్టు కింద కూర్చున్నాను. టైరు ఖరీదు నా జీతంలో కోసుకున్నారు, అది వేరే కథ.

ఎందుకు పేలిందో చెబుతాను విను. ఇనప తీగని ఒకేచోట అటూ ఇటూ వంచితే వేడెక్కి తెగుతుంది కదా. గాలి తక్కువున్న టైరు పక్కగోడ కూడా చక్రం తిరిగిన ప్రతిసారీ అలాగే వంగి లేస్తుంది. మెల్లగా పోతే ఆ వేడి బయటికి పోతుంది. అరవై డెబ్భై స్పీడులో ఆ వేడి పోవడానికి వ్యవధి ఉండదు, లోపల పొరలు విడిపోతాయి. ఇసకలో నిన్ను బతికించిన మెత్తదనమే తారు మీద టైరుని చంపుతుంది. కాబట్టి తిరిగి కొట్టుకునే సాధనం బండిలో లేనినాడు ఒక్క పాయింటు కూడా దించకు. మన షాపుల్లో పాయింట్లంటారే, అవే పీఎస్ఐ, గాలి ఒత్తిడి కొలత.

ఇప్పుడు సామాన్లు. అన్నిటికన్నా ముందు టైర్లో గాలి ఎంతుందో చూపించే గేజీ కొను. నీ స్నేహితుడు గాలి కొట్టే కంప్రెసరు కొన్నాడు గానీ గేజీ కొనలేదన్నావు. అది త్రాసు లేకుండా కిరాణా కొట్టు పెట్టినట్టు. కంప్రెసరుకి ఉన్న ముల్లుని నమ్మకు, గాలి ఎక్కుతున్నప్పుడు అది నిజం చెప్పదు. బంకులో ఒకటి 30 చూపిస్తే పక్క బంకులో అదే టైరు 33 చూపిస్తుంది. నీ గేజీ ఒకటీ రెండూ తప్పు చూపించినా ఫరవాలేదు, ఎప్పుడూ అదే తప్పు చూపిస్తుంది కాబట్టి లెక్క కుదురుతుంది. దాన్ని సీటు కింద పడెయ్యకుండా గుడ్డలో చుట్టి డ్యాష్‌బోర్డు అరలో పెట్టు.

గాలి దించడానికి వాల్వుకి బిగించే చిన్న ఇత్తడి డిఫ్లేటర్లు అమ్ముతారు. ముందే 18కి సరిచేసి పెట్టుకుంటే అక్కడికి రాగానే అవే ఆగిపోతాయి. ఉంటే సుఖం, లేకపోయినా గేజీ పక్కన పెట్టుకుని పుల్లతో నొక్కొచ్చు. వాల్వు పిన్ను పూర్తిగా ఊడదీసే రకం కూడా ఉంది. తొందరగా దిగుతుంది గానీ, ఇసకలో పిన్ను జారి పడితే వెతుక్కోలేం. రెండు పిన్నులు అదనంగా దగ్గరుంచుకో. మూతలు జేబులో వేసుకో, బానెట్టు మీద పెట్టకు.

కంప్రెసరు దగ్గర కొంచెం ఆగాలి. సిగరెట్ లైటరు సాకెట్లో పెట్టే చిన్నవి ఉన్నాయి. ఆ సాకెట్టు ఫ్యూజు సాధారణంగా 15 ఆంపియర్లు, అంటే 12 వోల్టుల మీద 180 వాట్లు. కారు టైరులో నాలుగు పాయింట్లు తగ్గితే కొట్టుకోడానికి సరిపోతుంది. నీ టైర్లు అంత చిన్నవి కావు. లెక్క వేసి చూడు. నీ టైరు లోపల జాగా సుమారు 60 లీటర్లు. 16 నుంచి 32కి తేవాలంటే ఇంచుమించు ఇంకో 65 లీటర్ల బయటి గాలి లోపలికి తొయ్యాలి. నిమిషానికి 35 లీటర్లని డబ్బా మీద రాసిన కంప్రెసరు కాగితం మీద రెండు నిమిషాల్లో కొట్టాలి. నిజానికి లోపల ఒత్తిడి పెరిగేకొద్దీ అది నెమ్మదిస్తుంది, మూడు నాలుగు నిమిషాలు పడుతుంది. నాలుగు టైర్లకీ పావుగంట. చిన్నదైతే ఒక్కో టైరుకే పది నిమిషాలు తిని, మూడో టైరు దగ్గర కాలి కూర్చుంటుంది. అందుకని నీ స్నేహితుడు కొన్నది చిన్నదైతే మార్చి, బ్యాటరీకి నేరుగా క్లిప్పులు తగిలించే రకం తీసుకోమను. అది 30 ఆంపియర్ల దాకా లాగుతుంది, ఇంజను ఆన్‌లోనే ఉంచాలి. ఎంతసేపు ఏకధాటిగా నడవొచ్చో డబ్బా మీద రాసుంటుంది, ఆ మాట విను. రెండు టైర్లకి కొట్టాక కాసేపు ఆపి టీ తాగండి. ఇసకలో నేల మీద పెట్టకు, కాళ్ళ దగ్గరి రబ్బరు మ్యాటు తీసి దాని మీద పెట్టు. లేకపోతే గాలితో పాటు ఇసక కూడా మింగుతుంది. గొట్టం చివరి ఇత్తడి బిరడా కాలిపోతుంటుంది, విప్పేటప్పుడు గుడ్డ వాడు. నా బొటనవేలి మీద మచ్చ అదే.

ఇక నువ్వడిగిన అంకె. డ్రైవరు తలుపు తెరిస్తే పక్క స్తంభం మీద కంపెనీవాళ్ళు అంటించిన స్టిక్కరు ఉంటుంది. తారు రోడ్డుకి దానిమీదున్నదే ఖాయం, పొద్దున్నే టైర్లు చల్లగా ఉన్నప్పుడు చూడాలి. ఏటి ఇసకలోకి దిగేముందు 18కి దించు. అప్పటికీ బండి గునుస్తుంటే 15. అంతకన్నా కిందకి దించడం, దిగబడినప్పుడు బయటపడ్డానికి మాత్రమే, అదీ మనిషి నడిచే వేగంలో. గాలి దించితే టైరు వెడల్పవుతుందనుకుంటారు అందరూ. వెడల్పు కొంచెమే పెరుగుతుంది, నేలకి ఆనే భాగం పొడవు బాగా పెరుగుతుంది. మడమ మీద నడిస్తే ఇసకలో కూరుకుపోతాం, పాదమంతా ఆనిస్తే తేలతాం, అంతే కిటుకు.

దించాక ముప్ఫై స్పీడు దాటి తోలకు, గిరుక్కున తిప్పకు. తిప్పావంటే రిమ్ముని పట్టుకున్న టైరు అంచు జారిపోతుంది. ట్యూబ్‌లెస్ కాబట్టి ఒక్క క్షణంలో గాలంతా పోతుంది. ఇంకా ట్యూబు టైర్లతో తిరిగే పాత జీపు ఎవరిదైనా మీ గుంపులో ఉంటే, వాణ్ణి 20కి తక్కువ దించొద్దను. గాలి తగ్గితే టైరు రిమ్ము మీద జారి వాల్వుని తెంపేస్తుంది. ఇసకలో ఆపాలంటే బ్రేకు తొక్కకు, కాలు తీసెయ్, అదే ఆగుతుంది. బ్రేకేస్తే చక్రాల ముందు ఇసక కుప్ప పడుతుంది, కదిలేటప్పుడు ముందు ఆ కుప్పే ఎక్కాలి. దిగబడితే రేజు చెయ్యకు, దిగి చేత్తో ఇసక తొలిచి, వచ్చిన జాడల్లోనే వెనక్కి రా. పొద్దున్న మంచు పట్టిన ఇసక గట్టిగా ఉంటుంది. మధ్యాహ్నానికి ఎండి పొడిపొడిగా అవుతుంది. అందుకని పూట అన్నావు కదా, పొద్దుటి పూటే పెట్టుకో. పైన కొండల్లో మబ్బుంటే మాత్రం ఏట్లో దిగనే దిగకు. ఇక్కడ చినుకు లేకపోయినా వంశధార పొంగుతుంది.

ఊళ్ళలోకి పోయే గ్రావెలు దారుల్లో 25 ఉంటే బండి ఎగరకుండా పోతుంది. రాళ్ళున్నచోట అంతకన్నా దించకు, పక్కగోడ ఉబ్బి రాయి అంచుకి ఎదురెళ్తుంది. నేలకి ఆనే భాగానికి చిల్లు పడితే పంచరు వేస్తారు, పక్కగోడ కోసుకుపోతే టైరు మార్చడమే. బురద సంగతి చెప్పను. వానలో ఎర్రమట్టి దారిలోకి వెళ్ళకు, అంతే.

దేవమాలి పైదాకా రోడ్డుంది, అక్కడ గాలి దించాల్సిన పని లేదు. నీ స్నేహితుడెవరో ఎత్తుకి పోతే టైర్లలో గాలి పెరుగుతుంది, ముందే దించుకోవాలి అన్నాడట. మాట అబద్ధం కాదు. 1672 మీటర్ల ఎత్తులో బయటి గాలి పల్చబడుతుంది కాబట్టి కిందకన్నా గేజీ రెండున్నర పాయింట్ల పైచిలుకు ఎక్కువ చూపిస్తుంది. కానీ కింద మధ్యాహ్నం 30 డిగ్రీల్లో కొట్టించుకుని పైన తెల్లవారుజామున ఎనిమిది డిగ్రీల చలిలో చూస్తే, ఆ చలి మూడు పాయింట్లు లాగేసుకుంటుంది. రెంటికీ చెల్లు. ముట్టుకోకుండా వదిలెయ్.

ఇసకలోంచి ఒడ్డెక్కాక, తారు రోడ్డు మీద చక్రం పెట్టకముందే కొట్టు. ఆకలేస్తోంది, ముందు టిఫిన్ చేద్దాం అంటారు నీవాళ్ళు. వినకు. అప్పటికి టైర్లు వేడిగా ఉంటాయి కాబట్టి స్టిక్కరు మీదున్న దానికన్నా మూడు నాలుగు పాయింట్లు ఎక్కువ కొట్టి, మర్నాడు పొద్దున్న మా ఇంటి దగ్గర చల్లారాక సరిచేసుకో. దారిలో వేడి టైరు ఎక్కువ చూపించిందని మాత్రం తియ్యకు. బయల్దేరేముందు స్టెప్నీ కూడా చూడు, అందరూ మర్చిపోయేది అదే. ఒకవేళ కంప్రెసరు మొరాయిస్తే ముప్ఫై స్పీడులో మెల్లగా షాపుదాకా వచ్చెయ్. ఇటువైపు పంచరు షాపుల్లో కుర్రాళ్ళకి తెలుగు వస్తుంది, రాకపోతే టైరు చూపించి "హవా" అను, చాలు.

వచ్చినప్పుడు మజ్జిగౌరమ్మ గుడి దగ్గర బండికి కొబ్బరికాయ కొట్టిద్దాం. నా దగ్గర పాత డయలు గేజీ ఒకటుంది, నీ కొత్తదానితో పాటు ఒకే టైరుకి పెట్టి చూద్దాం, ఎవరిది ఎంత తప్పో తేలుతుంది. మీ అమ్మకి నేను బాగానే ఉన్నానని చెప్పు. మీ అత్త ఊరగాయ జాడీ కట్టి ఉంచింది, డిక్కీలో కాస్త జాగా ఉంచుకుని రా.

ఇట్లు,
మీ మామయ్య